రెండు మూతలు

ఏంటమ్మా, ఆ కొత్తపిల్లని పొద్దుట్నుంచీ అలా నిలబెట్టేశారు? దాని కళ్ళు చూశారా, ఎలా వాచిపోయాయో! ఏడో వార్డు తుడిచేది నేను. నన్నడగాలి గానీ, చేరి వారం కానిదాన్ని అడిగితే ఏం చెప్తుంది?

కూర్చోవడమా? వద్దులెండి డాక్టరమ్మా, చీరంతా తడి.

నా బకెట్టు అడుగున జిగురు గీకి, మీ ల్యాబులో చూశారట కదా. పోయిన నెల మా ఆయన్ని మింగిన పురుగే అందులోనూ ఉందట. బ్లీచింగ్ నీళ్ళలో పురుగు బతకడమేంటమ్మా, విడ్డూరం కాకపోతే!

ఆఁ? మందు పల్చనైతే చావవా? అన్నీ ఒకచోట చేరి, జిగురు కట్టుకుని, దుప్పటి కప్పుకున్నట్టు దాని కింద దాక్కుంటాయా? తిండి లేకపోయినా అలా పడుంటాయా? ఆ తర్వాత గట్టి మందేసినా ఓ పట్టాన లొంగవా?

మొగుళ్ళ కంటే మొండివన్నమాట. నవ్వండి, ఫరవాలేదు. నాకూ ఉండేవాడుగా ఒకడు. బస్సు డిపోలో ముప్ఫై ఏళ్ళు ఇంజన్ల పొగ మింగాడు, బ్లీచింగ్ వాసనకి మాత్రం ఆగలేడు.

కడుపు కోసి ఏడో వార్డులోనే పడుకోబెట్టారా... నేను తుడుపుకర్రతో లోపలికొస్తే చాలు, దగ్గు. దగ్గినప్పుడల్లా పొట్ట పట్టుకుని మెలికలు తిరిగిపోయేవాడు. "ఏమేవ్, నీ కంపుకి నా కుట్లు ఊడొస్తాయే!"

బకెట్టుకి రెండు మూతలు బ్లీచింగ్ పొయ్యాలి. తెలుసమ్మా. పాత నీళ్ళు పారబోసి, బకెట్టు తోమి, కొత్తగా కలపాలి. అదీ తెలుసు. ఆ కొత్తపిల్లకి నేర్పింది నేనే.

అర మూత పోశాను.

కొత్తగా కలిపితే ఘాటొస్తుందని, నిన్నటి నీళ్ళలోనే ఇవాళ్టి నీళ్ళు కలిపాను. తొమ్మిది రోజులు. అడుగున వేళ్ళకి జారుతూనే ఉంది, పాచేలే అనుకున్నా. ఆ తడిచేత్తోనే ఆయన కుట్ల మీది పట్టీ జారితే సర్దాను.

ఆ తొమ్మిది రోజులూ దగ్గలేదమ్మా! "ఇన్నాళ్ళకి నీ చేతులు వాసన రావట్లేదే" అని, ఈ చెయ్యే పట్టుకుని నిద్రపోయేవాడు. పదో రోజు జ్వరం.

పిల్లని ఇంటికి పంపెయ్యండి. తప్పెవరిదో రాసే ఆ కాగితంలో నా పేరు రాసుకోండి.

ఇప్పుడు రెండు మూతలూ నిండుగా పోస్తున్నాను. ఎంత ఘాటైతే ఏం? దగ్గేవాడు లేడుగా.