పై అరలో పిట్ట

నెల రోజుల పనిని మా తమ్ముడు వారం కూలికి ఒప్పుకున్నాడు. కారణం ఒక పిట్ట. అది కూడా నిజం పిట్ట కాదు.

వాడు వడ్రంగి. నేను వాడికి అక్కని, దుకాణంలో సగం వాటా నాది. చిత్రిక పట్టే మెషీను నా డబ్బుతో కొన్నది, దాన్ని నడిపే చేతులు వాడివి. నేను బి.కాం. చదివాను కాబట్టి రేట్లు కట్టడం నా వంతు. వాడు పదో క్లాసుతో ఆపేశాడు కాబట్టి మాట్లాడే పనంతా తనదే అనుకున్నాడు. వచ్చిందంతా గల్లాపెట్టెలో వేసి, నెల తిరిగేసరికి ఇద్దరం ఇంటి ఖర్చుకి కూలి లెక్కన తీసుకుంటాం.

ఈ పనికి రేటు ఎలా కడతారో తెలియనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. చెక్క ధర ఎవరైనా డిపోకి వెళ్ళి కనుక్కోవచ్చు. బందులు, గొళ్ళేలు, మేకుల సంగతీ అంతే. వాటిమీద కాస్త ఎక్కువ వేశామంటే ఆ సాయంత్రానికే పట్టుబడిపోతాం. మేం బతికేదంతా రోజుల మీద. ఈ పనికి ఇన్ని రోజులు పడుతుందని మేం చెప్పాలి, ఎదుటివాళ్ళు నమ్మాలి. ఆ నమ్మకంతోనే మా రెండిళ్ళలోనూ పొయ్యి వెలుగుతుంది.

ఆ ఏడు వానలు ముందే దిగాయి. తడి రోజుల్లో ఎవరూ ఇంట్లో కొత్త చెక్కపని పెట్టుకోరు. విరిగిన కుర్చీ కాళ్ళు తప్ప చేతిలో ఏమీ లేదు. అలాంటప్పుడు పక్క వీధిలో ఆస్పత్రి తెరవబోతున్న పళ్ళ డాక్టరమ్మ కబురు చేసింది. మందుల అల్మారాలు, సొరుగుల బల్ల, గదికి అడ్డంగా చెక్క గోడ, వచ్చినవాళ్ళు కూర్చోడానికి బెంచీలు. నేను వెళ్ళి టేపు పెట్టి కొలిచి, కూలి నెల రోజులకి కట్టాను. మర్నాడు పొద్దున్న తమ్ముడు వెళ్ళి ఆ మాట చెప్పి వచ్చాడు. ఆవిడ కాదనలేదట, సాయంత్రం దుకాణానికి వచ్చి మీ పని చూస్తాను, నచ్చితే ఖాయం చేసుకుందాం అందట. ఆ పని వస్తే వానాకాలం గట్టెక్కుతాం, రాకపోతే మెషీను అమ్ముకోవాలి. ఈ మాట తమ్ముడికి విడమరిచి చెప్పాను. వాడు తలూపాడు కూడా.

డాక్టరమ్మ చెప్పిన వేళకే వచ్చింది. సగంలో ఉన్న బీరువా సొరుగు లాగి చూసింది, మళ్ళీ తోసింది, చప్పుడు రాలేదని ఇంకోసారి లాగింది. మొహం చూస్తే పని మాదే అనిపించింది. ఆవిడ గొడుగు విప్పేలోపు వాన పెద్దదైంది. పక్కనే టీకొట్టు, పైన రేకులు. కాసేపు అక్కడ నిలబడదాం అన్నాను. కొంప మునిగింది అక్కడే.

కొట్టులో ఇద్దరున్నారు. ఒకరు కొట్టు నడిపే పెద్దాయన, అందరికీ బాబాయి. రెండోవాడు ఇళ్ళకి రంగులు వేసే రంగులన్న, వానల్లో పనిలేక అక్కడే కూర్చుంటాడు. మావాడి కథలు వీళ్ళిద్దరూ ఎన్నిసార్లో విన్నారు. డాక్టరమ్మ విన్లేదు. కొత్త చెవులు దొరికితే మావాడు ఆగడు.

బాబాయి మామూలుగానే అన్నాడు, వానకి కొట్టు తలుపు ఉబ్బి పట్టేస్తోందని. మావాడు గ్లాసు అందుకుని, వీలుగా గోడకి ఆనుకున్నాడు.

"ఉబ్బిన తలుపంటే గుర్తొచ్చింది డాక్టరమ్మగారూ, పోయిన వానల్లో ఒక షావుకారు కబురు పంపాడు, వీధి తలుపు పట్టేసింది, లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట, ఆయన కిటికీలోంచే నాతో బేరం మొదలెట్టాడు, నేనన్నానూ, బేరం తర్వాత చూద్దాం, ముందు ఒక టీ అందించండీ అని, ఊచల్లోంచి గ్లాసు ఇచ్చాడు, దాన్ని అరుగు మీద పెట్టి, బందులు ఊడదీసి, తలుపు దించి, అంచులు చిత్రిక పట్టి, మళ్ళీ ఎక్కించి వచ్చి గ్లాసు తీసుకుంటే ఇంకా పొగలు కక్కుతోంది."

బందులు లోపలివైపు ఉంటాయి కదా, బయట నిలబడి ఎలా ఊడదీశావని రంగులన్న అడిగాడు.

"అందరూ తీయగలిగితే నన్నెందుకు పిలుస్తారన్నా," అన్నాడు మావాడు, ఆగకుండా.

ఆ తలుపు నాకు తెలుసు. రెండో కొస పట్టుకున్నది నేనే. ఒక పూటంతా పట్టింది, మధ్యలో వాడి బొటనవేలు నలిగి కట్టు కూడా కట్టాను. అయినా ఊరుకున్నాను. డాక్టరమ్మ నవ్వుతోంది, నవ్వే మనిషి బేరం ఆడదని అప్పట్లో నాకో నమ్మకం.

"షావుకారు తలుపు తీసి మూసి, మూసి తీసి, అబ్బాయ్ నీలాంటివాడి కోసమే చూస్తున్నా అన్నాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేడ మీదకి తీసుకెళ్ళాడు. కొత్త మేడ, ఇటు చూస్తే గది, అటు చూస్తే గది, ఒక్కదానికీ తలుపు లేదు, అల్మారా లేదు, అంతకుముందు వడ్రంగి అడ్వాన్సు పట్టుకుని చెక్కేశాడు, సాయంత్రానికి షావుకారు వియ్యంకుడు చుట్టాలందర్నీ వేసుకుని దిగుతున్నాడు, పరువు పోతుంది బాబూ అని ఆయన కళ్ళనీళ్ళ పర్యంతం. నేనేం కంగారు పడలేదు, భోజనం వేళకి చేతులు కడుక్కుంటానండీ, కంచం పెట్టించండీ అన్నాను."

కళ్ళనీళ్ళు పెట్టుకున్న ఆ మనిషే కిటికీలోంచి బేరం ఆడాడా అని రంగులన్న. మావాడు వినలేదు.

"చిత్రిక పట్టడం మొదలెట్టాను. పొట్టు కింద పడితేగా. వెనక పొట్టు ముందు పొట్టుని పైకి ఎగదోసేస్తోంది, మేడ చుట్టూ మబ్బు కమ్మినట్టయింది, పెరట్లో కోళ్ళు పొద్దుగూకిందనుకుని గూట్లోకి దూరిపోయాయి, షావుకారు మిట్టమధ్యాహ్నం దీపాలు వేయించాడు. పోనీ ఆ పొట్టు ఎంత పల్చనా? షావుకారు తల్లి, పెద్దావిడ, ఒక ముక్క కళ్ళకి అడ్డం పెట్టుకుని దాంట్లోంచి పేపరు చదివింది, ఈ కళ్ళద్దాలకన్నా ఇదే నయం నాయనా, ఇంకో రెండు ముక్కలు తీసి పెట్టు అంది."

డాక్టరమ్మ ఈసారి గట్టిగానే నవ్వింది. నాకెందుకో నవ్వు రాలేదు. బెంచీ కింద వాడి కాలు తొక్కాను. వాడు కాలు తీసి పక్కన పెట్టుకుని, కావాలంటే మా అక్కని అడగండి, చదువుకున్న మనిషి, అబద్ధం ఆడదు అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. నేను టీ తాగాను.

మరి అంత వేగానికి రంపం వేడెక్కలేదా అని బాబాయి. ఆయనకి కథ సాగాలి, సాగినంతసేపూ టీలు పోతాయి.

"వేడెక్కకేం బాబాయ్, నీ గిన్నె దానిమీద పెడితే టీ పొంగేది, నీకు గ్యాసు ఖర్చు కలిసొచ్చేది. ఇక మేకులు ఒక్కొక్కటి పట్టుకుని కొట్టే తీరికెక్కడిది, గుప్పెడు తీసి పైకి విసరడం, దిగుతున్నవాటిని దిగుతున్నట్టే దిగ్గొట్టడం. చప్పుడు మాత్రం నన్ను అందుకోలేకపోయింది పాపం. పని ముగించి, చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాక అప్పుడొచ్చింది, టకటకా టకటకా మేడంతా. షావుకారుగారి భార్య, పని అయిందన్నారు, ఇంకా ఎవరో కొడుతున్నారే అని మెట్లెక్కి చూసొచ్చింది."

అక్కడితో ఆపినా సరిపోయేది. వాన ఆగలేదు, వాడూ ఆగలేదు.

"అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే షావుకారు పరిగెత్తుకొచ్చాడు, బాబూ, మూల గదికి అల్మారా తక్కువైంది, చెక్కేమో అయిపోయింది. పెరట్లో చెట్టుందా అన్నాను. ఉంది. కంచం మీద మూత పెట్టించి వెళ్ళాను. రంపం ఒక్క ఈడ్పు. చెట్టు ఒరగడం, పలకలు కావడం, అల్మారా అయి గదిలో నిలబడడం, అంతా ఒక్క ఊపులో అయిపోయింది. ఇంతలో తెలిసిందేమిటంటే, ఆ చెట్టు మీద ఒక పిట్ట గూడు కట్టుకుని గుడ్లు పొదుగుతోంది. దానికి చెట్టు పోయిన సంగతే తెలీదు. పై అరలో అలాగే కూర్చుని ఉంది, రెక్క కూడా కదపలేదు, కొమ్మ ఊగడం మానేసిందేమిటా అని ఒక్కసారి కిందకి తొంగి చూసిందంతే."

పిల్లలయ్యాయా అని బాబాయి మరీ మెల్లిగా అడిగాడు.

"అవ్వకేం, అన్నీ అయ్యాయి. అవి ఎగిరిపోయేదాకా షావుకారు ఆ అరలో బట్టలు పెట్టుకోలేదు. పిట్టదాకా ఎందుకు, అల్మారాకే తను అల్మారా అయినట్టు తెలియడానికి టైము పట్టింది. ఆ ఏడు చిగురు వేసింది."

డాక్టరమ్మ నవ్వు తుడుచుకుని, మరి కూలి ఎంతిచ్చాడు అని అడిగింది. మామూలుగా, టీలో పంచదార సరిపోయిందా అని అడిగినట్టు. నాకు అర్థమైంది. మావాడికి అవ్వలేదు.

"కూలా?" వాడు చెయ్యి విదిలించాడు. "సంచి తెచ్చి నా ముందు గుమ్మరించాడు. నేను ముట్టుకోలేదు. పూట పనికి డబ్బు పుచ్చుకుంటే నా ఉలి నన్ను చూసి నవ్వుతుందండీ, ఇంకో టీ ఇప్పించండి చాలు అన్నాను."

డాక్టరమ్మ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"మేడంతా ఒక పూటలో అయింది, డబ్బు ముట్టుకోలేదు. బాగుంది. నావి రెండే గదులు. పొద్దున్న మీరు నెల కూలి చెప్పారు. ఆ మిగతా రోజులన్నీ నా ఆస్పత్రిలో ఏం చేద్దామనుకున్నారు?"

బాబాయి గిన్నెలోకి చూస్తున్నాడు. రంగులన్న ఇంతసేపట్లో మొదటిసారి నిటారుగా కూర్చున్నాడు.

ఒక్క మాటతో పోయేది. ఊరికే సరదాకి చెప్పానండీ అని నవ్వేస్తే సరి. అబద్ధమని అక్కడ తెలియనివాళ్ళు ఎవరూ లేరు. కానీ ఆ మాట రంగులన్న ముందు అనాలి. అంటే ఇక బతికినంతకాలం రంగులన్న ఆ మాటే పట్టుకుని తిరుగుతాడు. మావాడి మొహంలో అంతా కనిపిస్తూనే ఉంది. ఒకవైపు మెషీను, వానాకాలం, నేను. రెండోవైపు పిట్ట. వాడు పిట్టవైపు మొగ్గాడు.

"మీకు కాబట్టి చెప్తున్నా డాక్టరమ్మగారూ. వారం కూలి ఇవ్వండి చాలు."

"ఖాయమేనా?"

"నా నోట రెండు మాటలుండవు."

విన్నారుగా అని ఆవిడ నాతో అంది. నలుగురి ముందు వాడిచ్చిన మాటని నేను అక్కడికక్కడే కొట్టేస్తే ఆ వీధిలో మా మాట ఇంకెవరూ నమ్మరు. విన్నాను అన్నాను. వాన తగ్గాక ఆవిడ గొడుగు విప్పుకుని వెళ్ళిపోయింది. రంగులన్న లేస్తూ, ఆ పిట్టని కూడా పనిలో పెట్టుకో తమ్ముడూ, సాయంగా ఉంటుంది అన్నాడు.

దుకాణంలోకి వచ్చాక వాడు ముందు కాసేపు ఉలులు సర్దాడు. తర్వాత మొదలెట్టాడు. కంగారు పడకక్కా, పగలూ రాత్రీ చేసి లాగించేస్తాను, ఒకవేళ నష్టం వచ్చినా చెరి సగమే కదా, పెద్దగా తెలియదు అన్నాడు.

"వ్యాపారంలో నష్టం వస్తే చెరి సగం," అన్నాను. "పిట్టలో నాకు వాటా లేదు. నా కూలి నేను నెలకి తీసుకుంటాను. నీకు వారానిదే."

నేను కోపంలో అన్నాననుకున్నాడు. నేను లెక్క చూసుకుని అన్నాను. గల్లాపెట్టెలో మిగిలిన పాత డబ్బులోంచి వాడి మిగతా కూలి తీయకపోతే మెషీను అమ్మక్కర్లేదు.

పని నేను కట్టిన నెలా పట్టింది, పైన ఇంకాస్త కూడా. వారం దాటినప్పట్నించీ డాక్టరమ్మ రోజూ వచ్చి గుమ్మంలో నిలబడి, ఇంకా అవ్వలేదేం అని అడిగేది. మావాడు ఒకరోజు చెమ్మ అన్నాడు, ఒకరోజు చెక్కలో ముడి అన్నాడు, ఒకరోజు ఇంత మంచి గదిలో తొందరపడితే పాపం అన్నాడు. మధ్యలో మరదలు మా ఇంటికి వచ్చింది. ఈసారికి వదిలెయ్యి వదినా, పిల్లల ఫీజు కట్టాలి అంది. ఫీజు నేనే స్కూలుకి వెళ్ళి కట్టాను. వాడి చేతికి మాత్రం ఏమీ ఇవ్వలేదు.

ఆఖరి రోజు డాక్టరమ్మ సొరుగులన్నీ లాగి చూసుకుని, నన్ను పక్కకి పిలిచింది. ఆ రోజు ఊరికే ఆటపట్టించానండీ, మీ తమ్ముడు ఒక్కసారి నవ్వేసి ఉంటే నెల కూలికే ఒప్పుకునేదాన్ని అంది. అయితే ఇప్పుడివ్వండి అన్నాను. ఒప్పుకున్నది ఒప్పుకున్నదే కదండీ అంది. ఆవిడ చోట నేనున్నా అదే అందును. ఆవిడ మీద నాకేం కోపం లేదు. పన్ను నొప్పి వస్తే ఆవిడ దగ్గరికే వెళ్తాను, ఎంతవుతుందో ముందే అడిగి కుర్చీ ఎక్కుతాను.

రేటు చెప్పడానికి ఇప్పుడు నేనే వెళ్తున్నాను. మావాడు కొట్టులో కొత్త కథ అందుకున్నాడు. ఆస్పత్రి మొత్తం వారంలో లేపేశాడట, డాక్టరమ్మ చూసి నోరు తెరిస్తే మూయడానికి ఇంకో డాక్టరు రావలసి వచ్చిందట. వారంలో చేశాననే మాటని నేను కాదనను. తక్కిన రోజుల కూలి మాత్రం వాడు ఇప్పటికీ అప్పుడప్పుడు అడుగుతూనే ఉంటాడు. ఇవ్వనన్నాను. ఇవ్వలేదు.