గ్రే కార్డు వెనకాల అత్తయ్య

హలో… ఆ, నేనే. బేస్‌మెంట్‌లోంచి ఇంకెవరెత్తుతారు తేజూ?

…అప్పుడే కార్లో కూర్చున్నారా? అత్తయ్య కూడానా?

…తెలుసు, అత్తయ్య ఇండియా ఫ్లైట్ టైమ్ తెలుసు. ఫోర్-ఓ-వన్ హైవే మీద ట్రాఫిక్కూ తెలుసు. కానీ ఇప్పుడు కదల్లేను. ఫిల్మ్ డబ్బాలో డెవలపర్ మందులో నానుతోంది. కాసేపటికోసారి డబ్బా తిరగెయ్యాలి… ఇదిగో, తిరగేస్తున్నా. వినపడుతోందా?

…అమ్మో, మధ్యలో ఆపితే టెస్ట్ మొత్తం పోతుంది.

…ఏం టెస్టా! ఒకే ఇంట్లో ఉంటూ ఏం టెస్టంటావేంటి? ఈ బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి ఎంత వెలుతురు చూపించాలో, డెవలపర్‌లో ఎంతసేపుంచాలో తేల్చడానికి.

…ఫిల్మ్ అట్టపెట్టె మీద రాసుంటుంది, నిజమే. కానీ ఈ కెనడాలో, మన గ్వెల్ఫ్ ఊళ్ళో, మన హాల్లో, ఆ కిటికీ లైట్ ఎలా ఉంటుందో కంపెనీ వాడికేం తెలుసు?

…స్పీకర్ ఆన్ చేశావా? ముందే చెప్పొద్దూ! అత్తయ్యా, నేనే, జయదేవ్‌ని.

…అవునండీ. మీరు వచ్చిన కొత్తలోనే అడిగారు. మంగళగిరి చీరలో మంచి ఫోటో ఒకటి కావాలని. నేను మర్చిపోతానా? ఇదంతా మీ కోసమే కదండీ.

…తీశాను కదా, బోలెడు తీశాను!

…అవి టెస్ట్ షాట్లండీ. అందుకే ఆ బూడిదరంగు అట్ట మొహానికి అడ్డం పెట్టుకోమన్నాను. దాన్ని గ్రే కార్డంటారు. దాని మీద పడే లైట్ కొలిస్తే లైట్ మీటర్‌కి అనుమానం ఉండదు. మొహాలైతే ఒక్కొక్కళ్ళదీ ఒక్కో రంగు కదా.

…అయ్యో, పోలీసులు దొంగల చేత పలక పట్టించినట్టు కాదండీ! ఇది సైన్స్.

…నవ్వకు తేజూ.

…ఫోనా? ఫోన్ తనిష్టమొచ్చినట్టు తీస్తుంది. దాన్ని ఫోటో అంటారా?

…అవునూ, డైనింగ్ టేబుల్ మీద నా డెన్సిటోమీటర్ ఉండాలి, ఏది?

…మిక్సీ పక్కన పెట్టావా! తడి తగిలితే? నెగటివ్ ఎంత నల్లబడిందో కొలిచే మెషీన్ అది, ఇడ్లీ పాత్ర కాదు.

…ఒక్క క్షణం, డెవలపర్ పారబోస్తున్నా… ఆ. ఇక బొమ్మ చెరిగిపోకుండా ఫిక్సర్ పోశానంటే అయిపోయినట్టే. కాసేపాగి మూత తీసి చూడొచ్చు. చూసి పైకి వచ్చేస్తా. మీరు అక్కడే ఉండండి.

…హలో? బండి కదిలిందా?

…సరే, సరే. ఫ్లైట్ ఆగదు, ఒప్పుకుంటున్నా. చూసి పోనీ, డ్రైవ్‌వేలో మంచు తియ్యలేదు.

…నేనే తియ్యాలి. అదీ ఒప్పుకుంటున్నా.

…అత్తయ్యా, ఏమీ అనుకోకండి. పియర్సన్ ఎయిర్‌పోర్ట్ దాకా వద్దామనే అనుకున్నాను. …‘పర్లేదు బాబూ’ అంటున్నారనే బాధగా ఉంది. తిడితే బాగుండేది.

…పెట్టెయ్యకు తేజూ. లైన్లో ఉండు.

…ఎక్కడున్నారు? హైవే ఎక్కేశారా?

…ఇదిగో, మూత తీశా. బల్బు దగ్గర పెట్టి చూస్తున్నా. అట్ట… అట్ట… అట్ట… అబ్బ, ఎంత నీట్‌గా వచ్చాయో! ఒక్క గీతైనా లేదు. అట్ట…

…ఆగు.

…ఏం కాలేదు. ఇక్కడ చివర్లో ఒకదాంట్లో… అట్ట లేదు.

…అత్తయ్యా, మీరు అట్ట దించేశారా?

…చెయ్యి లాగిందా? మరి చెప్పలేదేం?

…చెప్పారా? నేను వినలేదండీ. మీటర్ చూసుకుంటూ నొక్కేశాను. మీ వైపు చూడనే లేదు.

…ఎలా ఉందంటే… నెగటివ్ కదా, అంతా తలకిందులు. మీ తెల్లజుట్టు నల్లగా పడింది. నవ్వుతున్నారు. కళ్ళు మూతపడేంత నవ్వు. అంత నవ్వెందుకొచ్చిందండీ?

…నన్ను చూసా!

…బాగుందండీ. చాలా బాగుంది.

…లేదు, కొలవలేదు. చూసే చెప్తున్నా.

…ఏడుస్తున్నానా? లేదు తేజూ, ఇక్కడ ఫిక్సర్ వాసన. …సరే, కొంచెం.

…ప్రింటా? తప్పకుండా అత్తయ్యా. ఫిల్మ్ ఆరగానే తీసి పంపిస్తాను, ఒట్టు. కాకపోతే, ప్రింట్ పేపర్‌కి కూడా ఒక చిన్న టెస్ట్—

…హలో?

…తేజూ?

…హలో?