పది సిట్టింగుల తర్వాత

పాత టౌన్‌లోని తన ఆక్యుపంక్చర్ క్లినిక్‌లో, కామేశ్వరి నుదుటి మీద గుచ్చిన సన్నటి సూదులు ఒక్కొక్కటే తీస్తోంది నర్గీస్.

"ఇవాళ్టితో పది సిట్టింగులు అయిపోయాయి పిన్నిగారూ. కళ్ల కింద ముడతలు కొంచెం తగ్గినట్టున్నాయి, అద్దం ఇవ్వనా?"

"నాకెందుకమ్మా అద్దం? సూడాల్సింది ఆయన."

"అరవై దాటాక కూడా బాబాయిగారి కోసమేనా ఈ సోకు?" నర్గీస్ నవ్వింది.

"స్టీల్ ప్లాంట్‌లో రిటైరయ్యేక ఆయనకి మతిమరుపు జబ్బొచ్చీసిందమ్మా. నన్ను పోల్చుకోడు. మా పెళ్లి ఫోటో సూపించి, 'మా కామేశ్వరి ఇదీ, ఈ ముసల్దెవర్తి ఇంట్లో?' అంటాడు. నా సేత్తో పెడితే అన్నం తినడు. మొకం కొంచెం వొయసులోలాగ అవుపిస్తే పోల్చుకుంటాడేమోనని నీకాడికొచ్చేను."

నర్గీస్ నవ్వు ఆగిపోయింది. ఆ జబ్బుకి తన సూదులు పనికిరావని ఆమెకి తెలుసు.

"ఈ మాట మొదటిరోజే చెప్పాల్సింది పిన్నిగారూ."

"సెప్తే నువ్వు వొద్దనీదానివి."

"మరి... ఏమైనా గుర్తుపట్టారా?"

"నిన్న నన్ను తేరిపార సూసేడు. పోల్చుకున్నాడనే అనుకున్నాను. 'అచ్చం మా కామేశ్వరి పోలికే నీది. దాని సెల్లెలివా? అదెప్పుడొస్తాది?' అనడిగేడు."

"మీరేం చెప్పారు?"

"ఏటి సెప్తాను? రేపొస్తాదన్నాను. పొద్దున్నించీ వీధిగుమ్మంలోనే కూకున్నాడమ్మా. నాను ఎదురుగా నిలబడితే, దారి కనబడ్డం లేదు పక్కకి తప్పుకోమంటన్నాడు."