లచ్చమ్మ వంతు

శంషాబాద్ ఠాణా. 1355 ఫసలీ, ఖుర్దాద్ నెల. ఇంగ్లీషు లెక్కన 1946 ఏప్రిల్. పొద్దున పూట పోలీసు అమీన్ సాహెబు ఎదుట సాతంరాయి ఊరి దుర్గవ్వ చెప్పినది. ఆమెకు తెలుగు తప్ప మరొకటి రానందున, ఆమె పట్టుపట్టగా, తెలుగులోనే రాయడమైనది.

నా పేరు దుర్గవ్వ. తండ్రి నీరటి ఐలయ్య. పెనిమిటి కుర్మయ్య, చనిపోయి చాలా ఏళ్లయింది. నా వయస్సు నాకు తెలియదు. మూసీకి పెద్ద వరద వచ్చిన ఏడు నేను చంకలో పిల్లనట. ముప్పై ఎనిమిదో తొమ్మిదో రాసుకోండి, దాని మీద నేను తగాదా పడను. ఉందానగర్ స్టేషను దగ్గరి డేరాల కార్ఖానాలో ఆడవాళ్ల షెడ్డుకు మేస్త్రిని. నిన్నటి దాకా మేస్త్రినే. ఈ వాంగ్మూలం అయ్యాక ఏమవుతానో మేనేజరు గారికే తెలియాలి.

నన్ను ఎవరూ పిలవలేదు. నేనే వచ్చాను. ఈ మాట తప్పకుండా రాయండి.

మా షెడ్డులో పనిచేసే లచ్చమ్మ, తనతోటి పనిచేసే చంద్రమ్మ గేటు బిళ్ల దొంగిలించి కార్ఖానాలో జొరబడిందని మేనేజరు గారు ఫిర్యాదు ఇచ్చారు. లచ్చమ్మ ఇప్పుడు పట్నం దవాఖానలో ఉంది. మంచం పక్కన మీ జవాను కూర్చున్నాడు. చెయ్యి నలిగిన మనిషి ఎక్కడికి పారిపోతుందని కాపలా? లచ్చమ్మ దొంగ కాదు. ఆ మాట చెప్పడానికే వచ్చాను.

లడాయి జరిగినన్నాళ్లు మా కార్ఖానాకు తీరిక ఉండేది కాదు. ఫౌజుకు ఖాకీ డేరాలు కుట్టేవాళ్లం. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లంతా కలుపులు, కోతలు వదిలేసి మా షెడ్డులోనే ఉండేవారు. గేటులోకి పోవాలంటే నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల చూపాలి. బిళ్ల లేని మనిషి కార్ఖానా లెక్కలో మనిషే కాదు. రాత్రిళ్లు దాన్ని కొంగుకు ముడేసుకొని పడుకునేవాళ్లం.

తర్వాత లడాయి అయిపోయింది. మేమూ సంబరపడ్డాము, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఎవరో పట్నంలో మిఠాయి పంచితే మాకూ ఒక ముక్క వచ్చింది. లడాయి ఆగితే డేరాలు ఎవరికి కావాలని మాకు ఒక్కరికీ తట్టలేదు. వానకాలం పోయాక తట్టింది. కుట్టిన డేరాలు గోదాములోనే పడి ఉన్నాయి. స్టేషనుకు బండ్లు పోవడం తగ్గింది.

ఈ చలికాలంలో మేనేజరు గారు నన్ను ఆఫీసు గదికి పిలిచారు. ఆయన బెజవాడ వైపు మనిషి. నన్ను దుర్గవ్వ అనడం ఆయనకు ఇప్పటికీ రాలేదు.

"చూడు దుర్గమ్మా, ఆర్డర్లు లేవు. ఆడవాళ్లలో సగం మందినే ఉంచమని సేటుగారి హుకుం. ఎవరిని ఉంచాలో, ఎవరిని తీసెయ్యాలో నువ్వే చెప్పు," అన్నారు.

"నేనెట్ల జెప్త సారూ? అందరు నా కండ్ల ముంగట సూది వట్టుడు నేర్చినోళ్లే. ఎవల కడుపు మీద గొట్టాలె?" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. బల్ల మీద చెయ్యి వేసి కొట్టారు. "నాకు కావలసింది సగం చేతులు. అవి ఎవరి చేతులైతే నాకేం?" అన్నారు. ఆయనదీ పై నుంచి తిట్లు తినే బతుకే, నాకు తెలుసు. కానీ మాట మాటే. ఆ మాట ఆయన నోటితోనే అన్నారు. గుర్తు లేదంటే నా ఎదుట అనమనండి.

అమీన్ సాహెబు అడిగినందుకు చెబుతున్నాను: నేను ఎవరి పేరూ కొట్టెయ్యలేదు. మా నాయన ఊరి నీరటి. చెరువు నీళ్లు ఏ మడికి ఎప్పుడు పారాలో చూసే పని. నీళ్లు సగానికి పడిన ఏడు సగం మడులు ఎండబెడతారా? ఎక్కడా ఎండబెట్టరు. వంతులు పెడతారు. ఇవాళ నీ మడి, రేపు నా మడి. పైరు పలచగా ఉంటుంది, కానీ అందరి గింజా ఇంటికి వస్తుంది. నాకు తెలిసిన న్యాయం అదొక్కటే. అదే పెట్టాను.

ఇద్దరికి ఒక బిళ్ల. వారపు అంగడి నుంచి అంగడి దాకా ఒకరు, మళ్లీ అంగడి దాకా ఇంకొకరు. మేనేజరు గారికి సగం బిళ్లలు తిరిగి ఇచ్చేశాము. ఆయన అడిగినవి సగం చేతులు, సగం చేతులే లోపలికి పోయాయి. ఆయనకు విడిగా చెప్పాలని మాకు తోచలేదు. ఏ మడికి పారుతున్నామో నీళ్లు వచ్చి ఎవరినైనా అడుగుతాయా? బిళ్ల ఎవరి వంతులో ఉంటే వారిదే అనుకున్నాము. కార్ఖానా కానూన్‌లో అట్లా ఉండదని ఇప్పుడు అంటున్నారు. అప్పుడు ఎవరూ అనలేదు.

గేటు జమేదారు ఈశ్వరయ్యకు తెలుసు. ఒక వారం పోచమ్మ, మరో వారం సక్కుబాయి అదే నంబరు చూపిస్తే తెలియదా? ఒకరోజు నేనే అడిగాను. "నేను బిళ్ల జూస్త దుర్గవ్వా, మొకం జూడ. మొకం జూసిన్నంటే నా నౌకరి పోతది," అన్నాడు. మంచివాడే. భయస్తుడు.

ఇంకొక సంగతి ఉంది, అది చిన్నదని వదిలెయ్యకండి. మా ఊళ్లలో అరువు తెచ్చుకున్న గిన్నె ఒట్టిగా తిరిగి ఇవ్వరు. ఏదో ఒకటి వేసి ఇస్తారు. బిళ్ల మార్చుకునే రోజు కూడా అట్లాగే మొదలైంది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. చింతపండుతో బిళ్ల తోమి, చిన్న గుడ్డలో చుట్టి, అందులో ఇంత పెసరపప్పో, నాలుగు మిరపకాయలో పెట్టి ఇచ్చేవారు. ఆ వారం పని లేక ఇంట్లో కూర్చోబోయే మనిషి, పనికి పోయే మనిషికి ఇచ్చేది అది. ఒకసారి పోచమ్మ ఒట్టి బిళ్ల చేతిలో పెడితే సక్కుబాయి వారం రోజులు మూతి ముడుచుకుంది.

పదిహేడో నంబరు బిళ్ల చంద్రమ్మ పేరు మీద ఉంది. దానికి జోడి లచ్చమ్మ. మొన్న అంగడిలో, ఉల్లిగడ్డలు అమ్మే చోట, చంద్రమ్మ ఆ బిళ్ల లచ్చమ్మకు ఇచ్చింది. నేను పక్కనే ఉన్నాను. గుడ్డలో బెల్లం ముక్క పెట్టింది. "బెల్లం ఏడికెల్లి తెచ్చినవే?" అని నేను ఎగతాళి చేశాను. "లచ్చమ్మ బిడ్డకు తీపంటే పానం గదక్కా," అంది.

మర్నాడు, అంటే నిన్న, లచ్చమ్మను రింగుల మిషను దగ్గర కూర్చోబెట్టారు. డేరా గుడ్డకు తాళ్లు దూర్చడానికి ఇత్తడి రింగులు వేసే మిషను అది. కాలితో తొక్కితే పైనున్న ఇనుప దిమ్మె కిందికి దిగుతుంది. మునుపు అక్కడ ఇద్దరు కూర్చునేవారు. ఒకరు గుడ్డ పట్టేవారు, ఒకరు తొక్కేవారు. సగం మంది అయ్యాక పట్టేదీ ఒకరే, తొక్కేదీ ఒకరే. నేను వద్దన్నాను. రెండుసార్లు వద్దన్నాను. "పని అలవాటవుతుందిలే దుర్గమ్మా," అన్నారు మేనేజరు గారు.

మధ్యాహ్నం అన్నాల గంట కొట్టక ముందు లచ్చమ్మ అరిచింది. గుడ్డ జారిందట, సర్దబోయిందట, కాలు ఆగలేదు. ఎడమ చేతి బొటనవేలు, దాని పక్క వేలు.

(ఇక్కడ సాక్షి దాహమన్నది. నీళ్లు ఇప్పించడమైనది.)

రాసుకోండి, చెబుతున్నాను. నేను నా కొంగు చించి కట్టాను. లచ్చమ్మ ఏడవలేదు. "అక్కా, బిళ్ల జర పైలం," అంది. చెయ్యి పోతుంటే బిళ్ల భద్రమంటుంది పిచ్చిది! చంద్రమ్మకు తిరిగి ఇవ్వాల్సిన సొత్తని దాని పరేషాను.

మేనేజరు గారు వచ్చి దాని కొంగు ముడి విప్పి బిళ్ల తీసుకున్నారు. నంబరు చూసి పేరు అడిగారు. "లచ్చమ్మ" అంది. పదిహేడు చంద్రమ్మ కదా అన్నారు. అప్పుడు ఆయన ముఖంలో రంగు మారింది. లెక్కలో ఉన్న మనిషికి దెబ్బ తగిలితే కార్ఖానా చూసుకోవాలి. లెక్కలో లేని మనిషికి తగిలితే ఆ మనిషి దొంగ. అది నాకు అప్పుడే అర్థమైంది. ముడిలోంచి బెల్లం గుడ్డ కింద పడింది. సాయంత్రం అమీన్ సాహెబు వచ్చినప్పుడు పంచనామాలో ఆ గుడ్డ, సగం కొరికిన బెల్లం రాసుకున్నారు. మిగతా సగం బిడ్డకు దాచి ఉంటుంది.

నేను అడిగేది ఒక్కటే. దొంగిలించిన వస్తువుకు ఎవరైనా బెల్లం చుట్టి ఇస్తారా?

ఆ రాత్రే మేనేజరు గారు చంద్రమ్మను పిలిపించి, బిళ్ల పోయిందని, లచ్చమ్మ మీదే అనుమానమని రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. వెయ్యకపోతే పని పోతుందన్నారట. చంద్రమ్మ మొగుడు తాటిచెట్టు మీద నుంచి పడి మంచంలో ఉన్నాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆమె రెక్కల మీదనే. ఆమెను తిట్టే నోరు నాకు లేదు. ఆమె జాగాలో ఉంటే నేనేం చేసేదాన్నో నాకే తెలియదు.

నిన్ననే, బాగా పొద్దుపోయాక, ఆడవాళ్లందరం బావి దగ్గర కూడాము. మింగలేక కక్కలేక కూర్చున్నాము. పోచమ్మ నా మీద లేచింది.

"వంతుల ముచ్చట నువ్వు ఠాణాల జెప్పినవంటే మా అందరి బిళ్లలు గుంజుకుంటరు. ఒక్క లచ్చమ్మ కోసం ఇంతమంది కడుపు గొడ్తవా? కడుపు చించుకుంటే కాళ్ల మీదనే వడ్తది దుర్గవ్వా!"

"లచ్చమ్మ జాగల నువ్వుంటే?" అన్నాను.

"నేనుంటే నన్ను గూడ ఇడిశిపెట్టున్రనే జెప్త!" అని పోచమ్మ ఏడ్చింది. ఆమెకు నలుగురు పిల్లలు. ఆమె మాటలో అన్యాయం లేదు. నాకూ భయంగానే ఉంది, ఇప్పుడు మీ ముందు కూర్చున్నా భయంగానే ఉంది. కానీ చివరి మడికి నీళ్లు అందలేదని తెలిస్తే మా నాయన మొదటి మడి గండి కూడా మూసేవాడు. పెద్ద పటేలు మడి అయినా మూసేవాడు, తన్నులు కూడా తిన్నాడు. వంతు పెట్టింది నేను. లచ్చమ్మ దొంగ అయితే మేమంతా దొంగలం. నన్ను మొదటి దొంగగా రాసుకోండి.

ఇవాళ పొద్దున జరిగింది చెప్పి ముగిస్తాను. మేనేజరు గారు పదిహేడో బిళ్ల చంద్రమ్మ చేతికి ఇచ్చి, పోయి మిషను దగ్గర కూర్చోమన్నారు. చంద్రమ్మ గేటు దాకా వచ్చి కింద కూలబడింది. లోపలికి పొమ్మంటే పోదు, ఇంటికి పొమ్మంటే పోదు. ఈశ్వరయ్య బతిమాలాడు.

"పో చంద్రమ్మా, గంట గొట్టిన్రు. గైర్హాజరు వడ్తది."

"నేనెట్ల వోతనన్నా? ఇది లచ్చమ్మ వారం. అంగడి ఇంక రాలే," అంది.

కాగితం మీద వేలు వేసింది, నిజమే. కానీ లచ్చమ్మ వంతులో అడుగు పెట్టడం ఆమె వల్ల కాలేదు. నన్ను చూసి లేచి, బిళ్ల నా చేతిలో పెట్టింది. ఇదిగో, మీ బల్ల మీద పెడుతున్నాను. గుడ్డ విప్పి చూడండి. మళ్లీ బెల్లం పెట్టింది. ఆమె బయట అరుగు మీద కూర్చుని ఉంది, ఆ కాగితం తప్పని తానే చెబుతానంటుంది. పిలవండి. గట్టిగా మాట్లాడకండి, బెదిరిపోతుంది.

ఈ బిళ్ల మీ దగ్గర పెట్టుకోకండి దొరా. దవాఖానకు పంపించండి. అంగడి దాకా అది లచ్చమ్మది.

నేను చెప్పినదంతా రాసి, నాకు చదివి వినిపించారు. ఇవి నా మాటలే, నిజమే. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. లచ్చమ్మకు ముద్ర వెయ్యడానికి ఎడమ బొటనవేలు లేదు కాబట్టి, ఆమె మాటకు కూడా నాదే వేస్తున్నాను.

దుర్గవ్వ, ఎడమ బొటనవేలి ముద్ర.

పై ముద్ర వేసిన మనిషి దుర్గవ్వేనని గుర్తు పట్టినవాడు: ఈశ్వరయ్య, డేరాల కార్ఖానా గేటు జమేదారు. పిలవకుండానే వచ్చినాడు. తన చేతితో కింది మాట రాసి సంతకం చేసినాడు:

"ఈమె మొకం నేను ఎరుగుదును. లచ్చమ్మ మొకం కూడా ఎరుగుదును."