వ్యాను బోల్టులు తిన్న గాలి

సింగరాయకొండలో రోడ్డు పక్కన హయాత్ మెకానిక్ షెడ్డు. 1962. మిరప కోతలు అయిపోయిన వేసవి.

“గాలోయ్, గాలి! సముద్రం ఇంత దగ్గరుంటే ఇనుం తుప్పు పట్టదూ?”

“నా షెడ్డు తలుపు బోల్టులు కూడా ఆ గాలే పీలుస్తున్నాయి గురునాథంగారూ. నిక్షేపంలా ఉన్నాయి. మీ వ్యాను బల్లలు పట్టుకున్న బోల్టులు చూడండి, చేత్తో నలిపితే రాలిపోతున్నాయి. బండి కొని ఏడాది కాలేదు. ఏం ఎక్కిస్తున్నారు?”

“మిరపకాయలు.”

“ఇంకా?”

“పత్తి.”

“మిరపకాయలకి ఇనుం తినే రోగం ఎప్పట్నుంచండీ?”

“పని చూడవయ్యా హయాతూ. ఏం చేస్తావో చెప్పు.”

“పాతవి పీకేస్తా. కొత్త బోల్టులకి తుప్పు పట్టనివ్వని ఎర్రరంగు పూసి, మరలకి గ్రీజు దట్టించి, తల కింద పాత ట్యూబు ముక్క వాషరుగా వేస్తా. నీళ్ళు కిందికి దిగవు. కానీ ఏం నీళ్ళో చెప్పాలి. మంచినీళ్ళయితే ఒక పూత, ఉప్పునీళ్ళయితే రెండు.”

“...రెండు వెయ్యి.”

“ఆఁ! అయితే ఉప్పు మోస్తున్నారన్నమాట!”

“మెల్లగా! ఉప్పు కాదు. చేపలు. పాకల రేవు నుంచి ఒంగోలుకి, తెల్లవారకముందే. గంపల్లోంచి నీళ్ళు కారతాయి.”

“చేపలా! మీరా! ఉల్లిపాయ కూడా ముట్టరే!”

“నేనేమన్నా తింటున్నానా, మోస్తున్నాను. సీజను అయిపోయాక వ్యాను ఊరికే కూర్చుంటే ఎట్లా? మా ఆవిడ దుర్గాంబకి తెలిసిందా, నా పని సరి. కొన్ననాడే నీచు ఎక్కించనని ఒట్టు వేయించుకుంది. మాట తప్పితే వ్యాను అమ్మించేస్తానంది. అన్నంతపనీ చేసే మనిషి. భయంతో నాకు నిద్ర పట్టడం లేదనుకో.”

“మరి వాసన?”

“రోజూ కడిగి సాంబ్రాణి వేస్తున్నా.”

“వ్యానుకి సాంబ్రాణా! యా అల్లా, నవ్వకుండా ఎట్లా...”

“తర్వాత నవ్వుదువుగాని! అదుగో, రిక్షా దిగుతోంది! గాలి అని చెప్పు. సముద్రపు గాలి.”

“దండాలమ్మగారూ. గాలండీ.”

“ఏం గాలయ్యా?”

“సముద్రపు గాలి, దుర్గాంబా. బోల్టులన్నీ తినేసింది. ఇదిగో, హయాతే అంటున్నాడు.”

“నిజమేనా హయాత్?”

“నన్ను... గ్రీజు సంగతి, రంగు సంగతి అడగండమ్మగారూ, ఎంతైనా చెబుతా.”

“సరే, అదే చెప్పు. రంగు ఎన్ని పూతలు వేస్తున్నావు?”

“రెండండీ.”

“మూడు వెయ్యి.”

“మూడెందుకే, ఉత్త గాలికి?”

“పొద్దున పాకల నుంచి చేపల కరీమున్ మనింటికొచ్చింది. గంపలు ఎక్కువయ్యాయి, రోజూ రెండు ట్రిప్పులు కావాలంది. శనివారం మటుకు కుదరదని చెప్పి, ఒప్పేసుకున్నాను.”