పై అరలో వంకర కూజా

వద్దమ్మా, దాన్ని దించకండి. మిగతావి ఎన్నైనా బాగు చేస్తాను గానీ ఆ వంకర కూజా జోలికి మాత్రం రాను. నన్ను పిలిపించిందే దానికోసమా? ఏడు కూజాలు నిటారుగా నిలబడితే అదొక్కటే మెడ వాల్చేసిందనా? పిడి మీద ఆ వేలి సొట్ట పూడ్చి, నున్నగా చెయ్యాలా?

అబ్బే, చేతకాక కాదు. నలభై ఏళ్లు కుమ్మరి సారె తిప్పినవాణ్ణి. దాంతోపాటు తలా తిరిగిందనుకోండి, అది వేరే సంగతి.

పాతకాలపు చేతిపనితో ఎంత ముచ్చటగా సర్దుకున్నారమ్మా వంటగది! వెనక దీపాలు కూడానా! రాగానే నేను చేసింది ఒక్కటైనా ఉందేమోనని అరలన్నీ వెతికాను. సిగ్గులేని ఆశ! ఒక్కటీ లేదు. నావి తీరుగా ఉండేవి కదా, జనం వాడుకున్నారు, పగలగొట్టుకున్నారు. ఇది కారేది. ఎవరూ నీళ్లు పొయ్యలేదు. అందుకే బతికింది.

ఎలా తెలుసంటారా? ఆ సొట్టలో మీ బొటనవేలు పెట్టి చూడండి. పట్టిందా? నాది పట్టదు. అది మా ఆవిడ వేలు.

పెళ్లయిన మూడో ఏడు, తనూ సారె మీద కూచుంటానంది. కూచుంది. పన్నెండు కూజాలు చేసింది. పచ్చివి ఆరబెట్టినప్పుడు చూశాను... ఏం తీరమ్మా అది! వాటిని కాల్చే ఆవంలో పెట్టకముందే నేను కాలిపోయాను.

ఆవం పేర్చింది నేనే. సెగ సమంగా తగిలే నడిమధ్యన నావి. మంట ఎగదన్నే మూతి దగ్గర తనవి. పదకొండు పగిలాయి. ఇదొక్కటే మెడ వాల్చి, అడుగున నెర్రె విచ్చి బయటికొచ్చింది.

"నీ చేతిలోనే ఉందే వంకర" అన్నాను. నలుగురిలో, నవ్వుతూ అన్నాను. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అంటారు చూశారా, ఆ దుడ్డుకర్ర నా నోరే. తను మళ్లీ సారె ముట్టలేదమ్మా. ముప్పై ఏళ్లు నాకు మట్టి తొక్కి పెట్టింది. ఆ కూజాని పాతసామాన్లవాడి బండిలో పడేసిందీ నేనే.

ఆవం అలా పేర్చిన సంగతి తనకు చెప్పలేదా అంటారా? రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను. మొన్న వేసవిలో పోయింది. మంచంలో ఉండగా ఎవరో అడిగితే, "నేనూ చేసి చూశాలే, నాకు చేతకాలేదు" అంది. పక్కనే కూచుని విన్నానమ్మా. దగ్గొచ్చినట్టు దగ్గాను.

ఇంటికొచ్చినవాళ్లు ఇదేమిటిలా ఉందని అడిగితే, చేసినావిడ చెయ్యి చాలా మంచిదని చెప్పండి. అంతే చాలు.

ఏదీ, అంచు విరిగిన ఆ చివరి కూజా ఇటివ్వండి. నిటారుగా ఉన్నవైతే నేను బాగుచెయ్యగలను.