ఐదింటి లోపు చెల్లే సంతకం

అధ్యక్షులు ఫల్గుణ గారికి, పనులు మానుకుని కొండ దిగి వచ్చిన కాఫీ రైతులకు, ఇన్నేళ్లూ నాతోపాటు ఈ కారే రేకుల కింద తడిసిన తోటి ఉద్యోగులకు, కుర్చీ వేసినా కూర్చోకుండా గుమ్మం పక్కనే నిలబడ్డ తవిటమ్మ గారికి నమస్కారం. అవును, గారే. ఎందుకో చెబుతాను. మా ఆవిడ నాగమణి కూడా వచ్చింది, ఆవిడకి నమస్కారం ఇంటికెళ్లాక విడిగా పెడతాను. (నవ్వులు)

ఇందాకటి నుంచీ అందరూ నన్ను మునగచెట్టు ఎక్కిస్తున్నారు. గంగరాజు చెయ్యి పడితే చచ్చిన మిషను లేచి కూర్చుంటుందన్నారు, ఆ మానిటర్ సంగతే సాక్ష్యమన్నారు. ఆ కథ పుట్టించింది నేనే. దాన్ని సరిచేయకుండా ఈరోజు రిటైరై గూడెం కొత్తవీధిలో బస్సెక్కలేను.

మూడేళ్ల కిందట సంఘానికి లాప్‌టాప్ వచ్చినప్పుడు, రైతు తన పేరూ ఫోటో తన కళ్లతో చూసుకోవాలని ఫల్గుణ గారు పట్టుబట్టి ఒక పెద్ద మానిటర్ కొనిపించారు. లాప్‌టాప్ మొహం నావైపు, మానిటర్ మొహం రైతువైపు. ఆ దసరాకి వైర్లన్నీ ఊడదీసి, శుభ్రంగా తుడిచి, ఆయుధపూజ చేశాను. మా నాన్న నాగలికి పెట్టినంత భక్తిగా ప్రింటర్‌కీ, స్టాప్లర్‌కీ, దేన్నీ వదలకుండా బొట్లు పెట్టాను. (నవ్వులు) సెలవులయ్యాక వైర్లు కలిపితే, మానిటర్ ఉన్నట్టే లాప్‌టాప్‌కి తెలియలేదు. నల్ల తెర.

తెర మార్చే మీటలన్నీ నొక్కాను, పదిసార్లు ఆపి మళ్లీ పెట్టాను. కొండమీంచి పూటంతా నడిచొచ్చిన రైతు మంగ్లు ఆ నల్ల తెర చూసి, "ఏటి బాబూ, మా పేరు సెరిపేసినారా?" అన్నాడు. నర్సీపట్నంలో మెకానిక్ శివకుమార్‌కి ఫోన్ చేస్తే, మానిటర్‌ని పాత కంప్యూటర్‌కి పెట్టి చూడమన్నాడు. అక్కడ బాగానే వెలిగింది. "అయితే లోపం లాప్‌టాప్‌లోనే ఉంది, ఆ వైరు గుచ్చే చోటు ఒకసారి చూడండి" అన్నాడు. "చూశాను, బాగానే ఉంది" అన్నాను. చూడలేదు.

అప్పటి ఆఫీసరు గారు ఎవరి నిర్వాకం ఇదని అడిగారు. తవిటమ్మ గారు అప్పుడు మన ఆఫీసులో రోజుకూలీ మీద ఊడ్చేవారు. ఉరిమితే చాలు, వైర్లన్నీ పీకేసేవారు. పిడుగుపడి ఫోను కాలిపోయాక అలా పీకమన్నది నేనే. అయినా, తవిటమ్మ వైర్లు లాగడం వల్ల పాడయిందని కాగితం రాసిచ్చాను. ఒకటో తారీకు నుంచి రావద్దని ఆవిడకి చెప్పేశారు.

ఆఖరి రోజు ఊడవడం అయ్యాక, ఆవిడ కొండచీపురు నుంచి ఒక పుల్ల విరిచి, లాప్‌టాప్ పక్కనున్న ఆ చిన్న చిన్న చిల్లుల్లో మెల్లగా తిప్పారు. ఎండిన పసుపు రాలింది. బొమ్మ బయటికెళ్లేది అక్కడినుంచే కదా అని తడి పసుపుతో బొట్టు పెట్టిన మహానుభావుణ్ణి నేనే. వైరు గుచ్చితే మానిటర్ వెలిగింది.

"నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"పూజనాడే సూసినాను బాబూ. మేం సర్చికెల్లీవోలం. మీ దేవుడి పసుపే సెడగొట్టిందని నానెలాగ సెప్తాను? మీరేటనుకుంటారో అని ఊరుకున్నాను. పోయీముందు బాగుసేసి పోదామనిపించింది."



సాయంత్రం ఆఫీసరు గారొచ్చి, ఎవరు బాగుచేశారని అడిగారు. నేనేనండి అన్నాను. ఆయన నా భుజం తట్టారు. రేపు నిజం చెబుదామనుకున్నాను. ఆ రేపు ఎల్లుండయింది, ఆయనకి బదిలీ అయింది. మూడేళ్లుగా ఆవిడ సంతలో చీపుళ్లు అమ్ముతున్నారు, నేను ప్రతి వారం బేరమాడకుండా ఒకటి కొంటున్నాను. మా ఇంట్లో ఎన్ని చీపుళ్లున్నాయో నాగమణికి తెలుసు. ఎందుకున్నాయో ఇప్పుడు తెలిసుంటుంది.

మీరు కప్పిన శాలువాకీ, చెప్పిన మంచి మాటలకీ, మీ తోటల్లో తాగించిన కాఫీకీ అందరికీ కృతజ్ఞతలు. ఫల్గుణ గారూ, ఈ కాగితంలో జరిగిందంతా రాశాను. తప్పు నాది, తవిటమ్మ గారిని తిరిగి పనిలోకి తీసుకోవాలని కోరుతున్నాను. కింద నా సంతకం ఉంది. ఈ సంఘంలో అది ఈరోజు ఐదింటిదాకా చెల్లుతుంది. ఇప్పుడు నాలుగూ పది. దాని పక్కన మీ సంతకం పడేదాకా నేను ఇక్కడే నిలబడతాను.

పడ్డాక సెలవు.